నీళ్లల్ల చిక్కిన మారియో: నలుగురికీ ఒక్కటే పీడకల

వరంగల్, కరీంనగర్ దిక్కు క్యాసెట్ వీడియో గేములతో పెరిగినవాళ్లు కలిస్తే ఒక కల ముచ్చట వస్తుంటుంది. మారియో నీళ్లల్ల ఈదుతూనే ఉంటాడు, తోవ ఒడవదు, టైము అయిపోతుంటుంది. ఒకరు చెప్పంగనే పక్కనున్నాయన "నాకు గూడ గదే కల పడేది" అంటాడు. వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తది.

ఆ చోటు నిజంగా ఆటలో ఉంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో 1-2 (మొదటి ప్రపంచంలో రెండో లెవెల్) చివర పైపు మీద నుంచి వెనక్కి దుంకుతూ గోడ మూలకు తగిలితే, మారియో గోడలోకి జారిపోతాడు. అవతల వేరే ప్రపంచాలకు తీసుకపోయే పైపుల నంబర్లు తెర మీదికి రాకముందే మొదటి పైపులో దిగితే ఆట 36వ ప్రపంచానికి పంపుతుంది. ప్రపంచం నంబరును ఆట తన బొమ్మల వరుసలోంచి తీసి చూపిస్తుంది, అందులో 36వ బొమ్మ ఖాళీ గడి. అందుకే "-1" అని కనిపిస్తుంది. ఆ నీళ్ల లెవెల్ చివరి పైపు మళ్లీ మొదటికే తెస్తుంది. టైము 100కు దిగంగనే పాట ఉరుకుతుంది. చావడం తప్ప బయటపడే దారి లేదు.

పైగా మన దగ్గర దొరికిన నకిలీ క్యాసెట్లలో ఒక్క ఆటనే వేరే లెవెల్ నుంచి మొదలుపెట్టి కొత్త నంబరు వేసేవాళ్లు. క్యాసెట్ పిన్నులకు మురికి పడితే బొమ్మల ముఖాలు ముక్కలై అంకెలుగా మారేవి. నోటితో ఊదితే తడి తగిలి పిన్నులు ఇంకా పాడైతయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రెండు వైపులా తుడిచి, పూర్తిగా ఆరినంక పెట్టాలి.

ఆట నిద్రలోకి ఎట్లా వస్తుందో 2000లో నిద్ర మీద పరిశోధన చేసే రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం చూసింది. మూడు రోజుల్లో ఏడు గంటలు టెట్రిస్ (పైనుంచి రాలే ముక్కలను పేర్చే ఆట) ఆడించారు. మతిమరుపు రోగులు ఐదుగురిలో ముగ్గురికి, ఆట ఆడిన సంగతే గుర్తులేకున్నా, కండ్లు మూయంగనే ముక్కలు రాలుతూ కనిపించాయి. ఒక్కటే ఆట, ఒక్కటే పాట పదుల గంటలు ఆడిన పిల్లలకు కలలు కలవడం అందుకే వింత కాదు. నిజంగా ఒక్కటేనా అని చూడాలంటే మాట్లాడుకోకముందే ఎవరి కల వాళ్లు రాసిపెట్టుకోవాలి: రంగు, పాట, ఏ వైపుకు కదులుతున్నారు, ఎక్కడ మెలకువ వచ్చింది. ముందు మాట్లాడుకుంటే ఒకరి కల ఇంకొకరి యాదిలో కలిసిపోతుంది.

ఇప్పటికీ ఆ కల వస్తుంటే ఇమేజరీ రిహార్సల్ అనే పద్ధతి పనిచేస్తుంది. పగటిపూట కలను ఇప్పుడే జరుగుతున్నట్టు రాయాలి. తర్వాత ఒక్కచోట మార్చాలి. ఉదాహరణకు, ఆఖరి పైపు దిగితే వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద తేలినట్టు, చల్లగాలి, కాలుతున్న మక్కకంకుల వాసన. ఈ కొత్త కలను రోజూ 10 నుంచి 20 నిమిషాలు కండ్లు మూసుకొని చూడాలి. చాలామంది పాత కలనే తలుచుకుంటూ కూర్చుంటారు, అక్కడే పద్ధతి చెడిపోతుంది. మొదలే అన్నిటికన్నా భయంకరమైన కల పట్టుకోవద్దు, చిన్నదానితో మొదలుపెట్టాలి. కొన్ని వారాలు విడవకుండా చేయాలి.

పీడకలలు ఎక్కువగా తెల్లారుగట్లే వస్తాయి, ఆ పొద్దుకు కలల నిద్ర నిడివి పెరుగుతుంది కాబట్టి. మెలకువ వస్తే ఫోను తెరవకుండా లేచి నీళ్లు తాగి, మార్చిన ముగింపును ఒకసారి చూసుకొని పడుకోవాలి. వారానికి చాలాసార్లు వచ్చి పగలు కూడా భయం పట్టుకుంటే, నిద్రలో చేతులు కాళ్లు విసురుతుంటే డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు తెలుగులోనే ఫోను చేసి మాట్లాడవచ్చు.