దిండు గలీబులో నీలం ఇన్హేలర్

కువైట్‌లో ఇంటిపనికి పోయిన మొదటి ఏడాదంతా నా ఇన్హేలర్ దిండు గలీబు లోపలే ఉండేది. పగలు ఆయాసం వస్తే ఏదో ఒక సాకు చెప్పి గదికి పోయి, తలుపేసుకుని, రెండుసార్లు పీల్చి, మళ్లీ గలీబులో పెట్టి దిగేదాన్ని. ఆ గది మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన. వంటిల్లు కింద. ఊపిరాడనప్పుడు రెండంతస్తుల మెట్లెక్కడం ఎట్లుంటుందో ఉబ్బసం ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

దాచమన్నది ఏజెంటు. "మెడికల్‌లో అడిగితే ఏ జబ్బూ లేదని చెప్పమ్మా. ఆడ ఇంట్లోవాళ్లకి తెలిస్తే వెనక్కి పంపిస్తారు. కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు" అన్నాడు. 2017 అది. మాది కాణిపాకం దగ్గర పల్లె. మామిడితోట మీద అప్పు, ఇద్దరు పిల్లల చదువు. ఇక చెప్పేదేముంది, సరే అన్నాను. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఉబ్బసం నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. పాసయ్యాను.

జబ్బు మాత్రం చిన్నప్పటిది. మా పక్క చెనక్కాయలు పీకాక ఎండిన కట్టెని వామి వేస్తారు. వానకి తడిసి బూజు పట్టిన కట్టె అయితే, ఆ దుమ్ము లేచిన రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. రొమ్ములో పిల్లికూతలు. అది అయ్యేలోపల బెల్లం గానుగలు మొదలు. చెరకు పిప్పి మండించి రసం కాస్తారు కదా, ఆ పొగ చలికాలంలో పైకి పోదు, చేలమీదే పరుచుకుని ఉంటుంది. అమ్మ తలుపులు, కిటికీలు మూసేది. లోపల అవ్వ శుక్రవారం సాంబ్రాణి వేసేది.

నాయన మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకుపోయి కొర్రమీను పిల్లతో చేపమందు మింగించాడు. వరసగా మూడేళ్లు వేయించాలన్నారు, మూడేళ్లూ పోయాం. నాకు తగ్గలేదు. నాయనని తప్పు పట్టలేను. బిడ్డ రాత్రంతా మంచం మీద కూర్చుని గాలికోసం తన్నుకుంటుంటే, ఎవరు ఏం చెప్పినా చెయ్యబుద్ధవుతుంది. ఆ తర్వాత తిరుపతిలో రుయా ఆస్పత్రికి తీసుకుపోతే రెండు ఇన్హేలర్లు రాసిచ్చారు. వాటిలో నీలంది ఒకటే నాకు గుర్తుండిపోయింది, ఎందుకంటే పీల్చిన పది నిమిషాల్లో హాయిగా ఉంటుంది. రెండోది తెలియకుండానే మానేశాను. ఆ తప్పుకి ఫలితం చాన్నాళ్లు అనుభవించాను.

కువైట్ ఇంట్లో అవ్వ సాంబ్రాణి బదులు బఖూర్. నిప్పుల మీద అగరు చెక్క ముక్కలు వేసి, ఆ పొగ సోఫాలకి, బట్టలకి, వచ్చినవాళ్ల గడ్డాలకి పట్టిస్తారు. వాళ్లకది మర్యాద. ఆ పొగ పాత్ర పట్టుకుని గదిగదికీ తిప్పే పని నాది. శ్వాస బిగబట్టి గది దాటి, వరండాలోకి వచ్చి వదిలేదాన్ని.

ఒకరోజు బాత్రూమ్‌లో బ్లీచ్ పోసి రుద్దాను. మరక పోలేదు. దాని మీదే యాసిడ్ పోశాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుందని నాకెవరూ చెప్పలేదు. ఇళ్లలో పనికి పోయే ప్రతి ఆడమనిషికీ విమానం ఎక్కకముందే చెప్పాల్సిన మాట అది. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. గోడ పట్టుకుని బయటికొచ్చి నడవాలో కూలబడ్డాను. మేడ మీదికి పోయే ఓపిక లేదు.

అక్కడ ఇంటి ఆడమనిషిని మామా అంటాం. ఆమె అత్తగారు పెద్ద మామా. ఆమే ముందు వచ్చింది. నా వీపు మీద చెయ్యి పెట్టి, చెవి దగ్గరగా పెట్టి వినింది. "రబూ?" అని అడిగింది. అరబ్బీలో ఉబ్బసాన్ని అట్లా అంటారు. నేను తలూపలేదు, ఆడించలేదు, అంత భయం. ఆమె తన గదికి పోయి సొరుగు తెరిచి నీలం ఇన్హేలర్ తెచ్చింది. అచ్చం నాదే. పక్కనే ఇంకో రంగుది కూడా ఉంది. ఆమెకీ ఉబ్బసమే.

ఆ సాయంత్రం నన్ను సర్కారు క్లినిక్‌కి పంపారు. అక్కడి మలయాళీ నర్సమ్మ నాకు హిందీలో ఓపిగ్గా చెప్పిన విషయాన్ని ఇక్కడ నా మాటల్లో చెప్తాను. ఉబ్బసం ఉన్నవాళ్ల శ్వాసగొట్టాలు బాగున్న రోజు కూడా లోపల వాచే ఉంటాయి. నీలం ఇన్హేలర్ బిగుసుకున్న గొట్టాన్ని ఒక నాలుగైదు గంటలు వదులు చేస్తుంది, అంతే. వాపు దాని పని కాదు. వాపు తగ్గించేది రెండో ఇన్హేలర్, స్టెరాయిడ్‌ది. ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ తీసుకోవాలి, గుణం తెలియడానికి రోజులు, వారాలు పడుతుంది. అందుకే మనవాళ్లు మధ్యలో మానేస్తారు. నేను మానేసినట్టే.

స్టెరాయిడ్ అనగానే నేను వెనక్కి తగ్గాను. ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించింది. నాకు రాసింది ఒక్కసారి పీలిస్తే 200 మైక్రోగ్రాములు. 5 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మాత్ర ఒకటి మింగితే 5,000 మైక్రోగ్రాములు ఒళ్లంతా తిరుగుతాయి. రెండు మందులూ వేరే కాబట్టి అచ్చంగా పోల్చకూడదని కూడా చెప్పింది. కానీ ఇది ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే పని చేస్తుంది, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు, నోటిపూత రాదు అంది. అప్పటిదాకా నెలకో నీలం ఇన్హేలర్ పీల్చి ఖాళీ చేసిన నేను, మూడో నెలకి నీలందాన్ని వారాల తరబడి ముట్టుకోలేదు.

2022 మేలో దుమ్ము తుఫాను వచ్చినప్పుడు ఆకాశం నారింజ రంగులోకి తిరిగి, ఎయిర్‌పోర్టులో విమానాలు ఆపేశారు. ఉత్తరం నుంచి, ఇరాక్ ఎడారి మీదుగా వచ్చే దుమ్ము అది, పిండిలా మెత్తగా ఉంటుంది. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాను, ఆ రెండ్రోజులూ చీపురు పట్టలేదు, తడిగుడ్డతోనే తుడిచాను. పెద్ద మామా, నేను ఒకే గదిలో కూర్చున్నాం. మా ఇద్దరికీ నెబ్యులైజర్ అవసరం పడలేదు. ఆ ఇంటి డ్రైవరు, పాకాల వైపు అబ్బాయి, తన ఇన్హేలర్‌ని కారులోనే పెట్టేవాడు. ఆ డబ్బాని 50 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచకూడదు. ఎండలో నిలబెట్టిన కారు లోపల అంతకంటే ఎక్కువే కాగుతుంది. అరిచి మరీ తీయించాను.

ఇంకో మాట కూడా ఆలస్యంగా తెలిసింది. కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో వచ్చిన 68వ చట్టం ప్రకారం వైద్యం చూపించాల్సింది యజమానే. వారానికి ఒక సెలవు కూడా. కాగితం మీదున్నది ప్రతి ఇంట్లో జరగదు, నిజమే. కానీ ఉందని తెలిస్తే అడిగే గొంతు వేరేగా ఉంటుంది.

ఇప్పుడు సెలవు మీద ఊరొచ్చాను. మా అక్క కూతురికీ వీసా వచ్చింది, దానికీ నా జబ్బే. ఏజెంటు వేరే, మాట అదే. "చిన్నమ్మా, దాచిపెట్టుకుని పోయేదా?" అని అడిగింది. వద్దన్నాను. తిరుపతిలో డాక్టరుకి చూపించి, రెండు ఇన్హేలర్లూ, ఇంగ్లీషులో చీటీ రాయించుకొచ్చాం. పెద్ద లగేజీలో కాదు, చేతిసంచిలో పెట్టుకోమన్నాను. ఒక కాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో "రబూ" అని రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టాను. ఆ పిల్ల పోయే ఇంట్లో పెద్ద మామా లాంటి మనిషి ఉంటుందని నేను మాట ఇవ్వలేను. అక్క రాత్రిళ్లు ఏడుస్తోంది.

వచ్చే గురువారం చెన్నైలో విమానం. మందు పీల్చాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. పొద్దున్నుంచీ పిల్ల వసారాలో కూర్చుని నేర్చుకుంటోంది. ఇంకా ఏడు దగ్గరే వదిలేస్తోంది.