ఉదయగిరి దుర్గం, ఊరొదిలిన కృష్ణుడు

హంపి కృష్ణాలయంలో గర్భగుడి ఖాళీగా ఉంటుంది. మూడేళ్ల కిందట అక్కడ గైడ్ "ఒకప్పుడు ఇందులో ఉన్న బాలకృష్ణుడు మీ నెల్లూరు వైపు నుంచి వచ్చినవాడే" అన్నాడు. 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల నుంచి ఉదయగిరి కోట గెలుచుకుని, ఆ విగ్రహాన్ని తెచ్చి 1515లో అక్కడ ప్రతిష్ఠించాడు. నాకు కొంచెం సిగ్గేసింది. నెల్లూరులో పుట్టి పెరిగి, వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉదయగిరి నేనెప్పుడూ చూడలేదు.

మొన్న డిసెంబరులో ఆత్మకూరు మీదుగా వెళ్లే తొలి బస్సెక్కాను. ఉదయగిరిలో దిగితే కొండ మొదటికి ఆటో 150 రూపాయలన్నాడు. అదెంత దూరమో తిరిగొచ్చేటప్పుడు నడిచాక గానీ తెలియలేదు. ఆ 150 ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంది.

కొండ ఎత్తు 3,000 అడుగుల పైనే. రాయల సైన్యం కోటని ఏడాదిన్నర ముట్టడించిందని చదివినప్పుడల్లా, అన్నాళ్లు ఏం చేస్తూ కూర్చున్నారా అనుకునేవాణ్ణి. ఎక్కడం మొదలెట్టిన రెండో గంటకి అర్థమైంది. నా మీద పైనుంచి బాణాలు వేసేవాళ్లు లేరు, రాళ్లు దొర్లించేవాళ్లు లేరు. ముళ్లపొదలు, కాలి కింద కదిలే రాళ్లు, అంతే. అయినా వంద అడుగులకోసారి కూలబడుతున్నాను. తెచ్చిన రెండు సీసాల్లో ఒకటి సగం దారిలోనే అయిపోయింది.

అప్పుడు కనబడ్డాడు మేకలాయన. చెప్పులు కూడా లేవు.

"ఏమబ్బయా, ఒక్కడివే పోతుండావా?"

ఆయన వెంట నడిస్తే దారి దానంతటదే తెలిసింది. ఎక్కడ వంగాలో, ఏ కొమ్మ పట్టుకోకూడదో చెప్తూ, మధ్యమధ్య మేకల్ని తిట్టేవాడు. మేకల్ని కాక నన్నే తిడుతున్నాడేమోనని రెండు మూడుసార్లు అనుమానమొచ్చింది.

పైన కూలిన గోడలు, మసీదు, గడ్డి మొలిచిన మండపాలు చూశాను. ఫొటోలు తీశాను. నిజం చెప్పాలంటే, గాలికి కళ్లు మూసుకుని కూర్చున్నదే ఎక్కువ సేపు.

పులిహోర పంచుకుంటూ కృష్ణుడి సంగతి చెప్పాను. ఆయనెప్పుడూ వినలేదట.

"అయితే ఇప్పుడా హంపీలో ఉండాడా?"

"లేదు తాతా. మద్రాసు మ్యూజియంలో ఉన్నాడు."

"ఆడ దీపం పెడతారా?"

"పెట్టరు. టికెట్ కొనుక్కుని చూడాలి."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి నా రెండో సీసా అందుకున్నాడు. అడుగున మిగిలిన నీళ్లు చూసి, కడుక్కోకుండానే మూత బిగించి నా చేతికిచ్చాడు. "దిగేటప్పుడు కావాలిలే నీకు" అంటూ లేచి మేకల్ని అదిలించాడు.