ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు? పిల్లల కోసం లినక్స్ కంప్యూటర్లు ఎంచిన నా అనుభవం

బెంగళూరు రామమూర్తినగర్‌లో మా మేనత్త సాయంత్రం పూట ఇంట్లోనే ట్యూషన్ చెబుతుంది. టీచరుగా రిటైరైంది గానీ పిల్లలు లేకుండా ఆమెకు పొద్దుపోదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి బేల్దారి పనికి వచ్చినవాళ్ల పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లిష్. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నారు. "ఫోన్‌లో వీడియో చూపించి కంప్యూటర్ అంటే ఇదీ అని చెప్పడానికి నాకు మనసొప్పట్లేదమ్మా" అని అత్త చాలాకాలంగా అంటూ ఉంది. ఆమె దాచుకున్నది, నేనూ అన్నయ్యా వేసుకున్నది, వీధిలో కొందరు ఇచ్చింది కలిపితే 60 వేలు పోగైంది. ఎంపిక బాధ్యత నా మీద పెట్టారు.

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్. ఆఫీసులో రోజూ దాని మీదే పని చేస్తాను కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో నాకు సందేహం లేదు. లైసెన్స్ ఖర్చుండదు, పాత మెషీన్ మీద కూడా హాయిగా నడుస్తుంది, ఎన్నింటిలో వేసుకున్నా తప్పులేదు. తేలాల్సింది మెషీన్ల సంగతి. ధరల పట్టిక చూపించినప్పుడు అత్త అందులో ఒక్క అంకె కూడా చూడకుండా, "నువ్వుండేది వైట్‌ఫీల్డ్‌లో. ఆదివారం వస్తావు. మంగళవారం ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అని అడిగింది. ఆ తర్వాత ప్రతిదాన్నీ నేను ఆ ప్రశ్నతోనే చూశాను.

ముందు వచ్చినవి తెలిసినవాళ్లు ఊరికే ఇస్తామన్న పాత ల్యాప్‌టాప్‌లు. ఉచితం అనగానే ఆశ పుడుతుంది. కానీ ఒక్కోదానికి ఒక్కో చార్జర్, ఒక్కోదానికి ఒక్కో రోగం. ఒకదాని బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి తోస్తోంది. అలాంటిది పిల్లలున్న గదిలో ఉంచకూడదు, నేరుగా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయాలి. నాలుగు రకాల మెషీన్లుంటే నాలుగు రకాల రిపేర్లు నేర్చుకోవాలి. వద్దనుకున్నాం.

రాస్ప్‌బెర్రీ పై అనే, అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటర్ మీద నాకు ఎప్పటినుంచో ఇష్టం. 2012లో కేంబ్రిడ్జ్‌లో అది పుట్టిందే పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి. అప్పట్లో మోడల్ బి ధర 35 డాలర్లు. కీబోర్డులోనే కంప్యూటర్ ఇమిడిపోయిన పై 400, పై 500 కూడా చూడముచ్చటగా ఉంటాయి. అయితే పై 5 బోర్డు కొన్నాక దానికి 27 వాట్ల అడాప్టర్, కూలర్, కేసు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, మెమరీ కార్డు అన్నీ కలుపుకుంటే ఖర్చు దాదాపు ఒక పాత డెస్క్‌టాప్ దగ్గరికి చేరింది. పైగా మామూలుగా సిస్టమ్ అంతా మైక్రో ఎస్‌డీ కార్డు మీదే ఉంటుంది. కార్డుకు ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతినే ప్రమాదం ఉంది. సెన్సార్లు, ఎల్ఈడీలు కలిపి ప్రాజెక్టులు చేయించే బడికైతే నేను రాస్ప్‌బెర్రీ పైనే కొనమంటాను, వాటిని తగిలించే ఆ బోర్డు మీది పిన్నులు ఇచ్చే ఆనందం వేరు. మాకు కావలసింది రోజూ సాయంత్రం టైపింగ్, లెక్కలు, పైథాన్ ప్రోగ్రామింగ్.

ఎల్‌టీఎస్‌పీ అనే పద్ధతి కూడా ఆలోచించాను. ఒక గట్టి సర్వర్ పెట్టి, డిస్కులు లేని మెషీన్లను నెట్‌వర్క్ మీదనుంచే బూట్ చేయించవచ్చు, అంటే లేపవచ్చు. ముప్పై సీట్ల ల్యాబ్‌కు చాలా బాగుంటుంది. మాకు కావలసినవి నాలుగే, సర్వర్ పడుకుంటే ఆ నాలుగూ పడుకున్నట్టే. కొత్త చౌక ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మార్చడానికి వీల్లేకుండా బోర్డుకే అతికించి ఉండటం చూసి వాటిని కూడా వదిలేశాను.

ఇక మిగిలినవి ఆఫీసుల నుంచి బయటికొచ్చిన చిన్న డెస్క్‌టాప్‌లు. లావుపాటి పుస్తకమంత పెట్టె, ల్యాప్‌టాప్‌కు ఉండేలాంటి అడాప్టర్. ఇవి ఇప్పుడు చౌకగా దొరకడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం ఉండాలి, ఇంటెల్‌లో అయితే దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. దాంతో ఆరో తరం, ఏడో తరం ఐ5 మెషీన్లను కంపెనీలు లాట్లుగా అమ్మేస్తున్నాయి. లినక్స్‌కు అలాంటి గీత లేదు. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే పిల్లల పనికి కావలసినదానికంటే ఎక్కువే. అందులో ర్యామ్, డిస్కు, ఫ్యాన్ అన్నీ మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పి మార్చగలిగేవి.

కె.ఆర్.పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేటలో దిగి, కంప్యూటర్ సామాన్ల కొట్లుండే ఎస్.పి. రోడ్డుకు నడిచాను. రెండంగల వెడల్పు గుమ్మాల కొట్లు, మెట్ల మీద కూడా కేబుల్ కట్టలు. చాలా కొట్లలో కన్నడం, హిందీతో పాటు తెలుగు కూడా నడుస్తుంది. నేను వెళ్లిన కొట్లో ఆయన, "మేడం, విండోస్ 11 వేసే ఇస్తాను, లైసెన్స్ గురించి టెన్షన్ పడొద్దు" అన్నాడు. దొంగ కాపీతో పిల్లలకు చదువు మొదలుపెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఖాళీ డిస్కులు చాలన్నాను, నా పెన్‌డ్రైవ్‌తో ఒక్కో పెట్టెనూ ఆన్ చేసి చూస్తానన్నాను. ఆయన స్టూలు జరిపి మానిటర్ తగిలించి ఇచ్చాడు.

ఆ పెన్‌డ్రైవ్‌లో వెంటోయ్ అనే ప్రోగ్రాం వేసి రెండు మూడు రకాల లినక్స్‌లు పెట్టుకున్నాను. ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్‌గా నడుస్తాయి. మొదటి పెట్టెలో ఎఫ్12 నొక్కితే బూట్ మెనూ వచ్చింది, లినక్స్ లేచింది, పాట పెడితే స్పీకర్ పలికింది. అందులోని లినక్స్ మింట్ అనే రకంలో ఉండే డిస్క్స్ అనే ప్రోగ్రాంలో స్మార్ట్ డేటా తెరిస్తే ఆ డిస్కు ఇప్పటికి ఎన్ని గంటలు నడిచిందో, చెడిన భాగాలను ఎన్నిటిని పక్కకు తప్పించిందో కనిపిస్తుంది. మౌస్‌ను తీసి ప్రతి యూఎస్‌బీ రంధ్రంలోనూ పెట్టి చూశాను. నెట్ వైరు గుచ్చితే వెనకాల చిన్న లైటు వెలగాలి. అది చూశాను.

మరో పెట్టె పైకి కొత్తదానిలా మెరిసిపోతోంది. ఆన్ కాగానే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లబోతే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగింది. పాత కంపెనీ ఐటీ వాళ్లు పెట్టి, తీయకుండా అమ్మేసినట్టున్నారు. "మామూలుగా నడుస్తుంది మేడం, దానితో పనేముంది?" అన్నాడాయన. రేపు డిస్కు మార్చి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాల్సి వచ్చినప్పుడు దానితోనే పని. ఆ తాళం తీయడం ఇంట్లో కూర్చుని చేసేది కాదు. పక్కన పెట్టమన్నాను. ఇంకోదానిలో తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంది. అది బోర్డు మీది సీఆర్2032 గుండీ బ్యాటరీ అయిపోయిందనడానికి గుర్తు. ఏ కొట్లోనైనా దొరికే చిన్న బిళ్ల, అందుకని దాన్ని తీసుకున్నాను.

అన్నీ ఒకే మోడల్ కావాలని పట్టుబట్టాను. నాలుగు పెట్టెలు, వాటికి పాత 19 అంగుళాల మానిటర్లు, కీబోర్డులు, మౌస్‌లు, అన్నీ కలిపి సీటుకు 12 వేల పైచిలుకు అయింది. మిగిలిన డబ్బుతో అదే మోడల్ ఐదో పెట్టె, మానిటర్ లేకుండా, స్పేర్‌గా కొన్నాను. ఏదైనా చెడితే అత్త నాలుగు వైర్లు తీసి స్పేర్ పెట్టెకు తగిలించాలి, అంతే. మానిటర్ తగిలించడానికి పెట్టెల వెనక ఉన్నది డిస్‌ప్లేపోర్ట్. పాత రకం వీజీఏ మాత్రమే ఉన్న మానిటర్లు ఇంకా చౌకగా వచ్చేవి గానీ వాటికి మధ్యలో కన్వర్టర్లు పెట్టాలి, అదీ ఒకరోజు చెడుతుంది. కాస్త ఎక్కువైనా డిస్‌ప్లేపోర్ట్ ఉన్నవే తీసుకున్నాను. వైఫై డాంగిల్స్ కూడా అదే కారణంతో వద్దనుకున్నాను. కొన్ని చిప్‌లకు లినక్స్‌లో డ్రైవర్ విడిగా కట్టుకోవాలి, లినక్స్ గుండెకాయలాంటి కెర్నెల్ మారినప్పుడు అది మళ్లీ మొరాయించవచ్చు. చిన్న నెట్‌వర్క్ స్విచ్ ఒకటి, గోడ వెంబడి నెట్ వైర్లు చాలు.

లినక్స్‌లో ఏది అన్నదానికి ఎక్కువ రాయను. చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ మన భాషలను దృష్టిలో పెట్టుకుని చేసినది. ఎడ్యుబుంటు 2023లో మళ్లీ మొదలైంది, చదువుకు పనికొచ్చేవన్నీ అందులో ముందే ఉంటాయి. నేను లినక్స్ మింట్ 22 ఎక్స్ఎఫ్‌సీఈ పెట్టాను. తేలిగ్గా నడుస్తుంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, కిందిపక్క ఎడమ మూల మెనూ ఉంటుంది కాబట్టి బడిలో విండోస్ చూసిన పిల్లకు కొత్తగా అనిపించదు. ఒక తండ్రి ఇదే అడిగాడు, బడిలో ఒకటి ఇక్కడ ఒకటి అయితే పిల్లలు తికమకపడరా అని. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదే ఐటీ పాఠాలు చెబుతున్నారని, అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఇందుకోసం తన సొంత లినక్స్‌నే తయారుచేస్తోందని చెప్పాను. ఆయన తలూపాడు గానీ, కూతురు తన పేరు తెలుగులో కొట్టి చూపించాకే నమ్మాడు.

ఆ టైపింగ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే. మింట్‌లో కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు, కన్నడం లేఅవుట్లు కలుపుకోవచ్చు, కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు. రెండూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఉంటాయి. ఎడమచేతి కింద అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి కింద ఎక్కువగా హల్లులూ. భారతీయ లిపులకు దాదాపు ఒకే అమరిక. షిఫ్ట్‌తో డి నొక్కితే అ, సి నొక్కితే మ, ఉత్త డి నొక్కితే పొల్లు, మళ్లీ సి. తెరమీద అమ్మ వస్తుంది. లేఅవుట్ కన్నడానికి మార్చి అవే మీటలు అదే వరుసలో నొక్కితే కన్నడంలో అమ్మ వస్తుంది. బడిలో కన్నడం రాస్తూ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరాలు సగమే వచ్చిన పిల్లలు మా దగ్గర ఉన్నారు. కన్నడంలో తెలిసిన మాటను కొట్టి, లేఅవుట్ మార్చి, అవే మీటలతో తెలుగులో దాని రూపం చూసి అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు వాళ్ల ఊరి పేరు కళ్యాణదుర్గం రెండు లిపుల్లోనూ కొట్టి, పక్కపక్కన పెట్టి, "అక్కా, రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి" అన్నాడు.

చిన్నవాళ్లకు ఆటలతో నేర్పే జీకాంప్రి, బొమ్మలు గీసే టక్స్ పెయింట్ వేశాను. పెద్దవాళ్లకు రాతకూ పట్టికలకూ లిబ్రెఆఫీస్, పైథాన్‌కు థానీ, ఆకాశం చూడటానికి స్టెలేరియం. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్ డెస్క్‌టాప్‌కు లినక్స్‌లో అధికారిక వెర్షన్ లేదు గానీ టర్బోవార్ప్‌తో స్క్రాచ్ ప్రాజెక్టులు దాదాపు అన్నీ నెట్ లేకుండానే నడుస్తాయి. కివిక్స్‌లో తెలుగు వికీపీడియా, కన్నడ వికీపీడియా రెండూ దించి పెట్టాను, నెట్ పోయినా చదువుకోవచ్చు. పాఠాలకు ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులో కూడా ఉన్నాయి.

పిల్లలకు అడ్మిన్ హక్కులు లేని ఖాతా ఇచ్చాం. చుట్టం చూపుగా వచ్చిన పిల్లలకైతే గెస్ట్ సెషన్, లాగౌట్ కాగానే వాళ్లు చేసినవన్నీ చెరిగిపోతాయి. ఒక మెషీన్‌ను పూర్తిగా సిద్ధం చేసి క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాంతో దాని డిస్కు నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఒకే మోడల్ కావడంతో ఆ ఒక్క నకలు ఐదింటికీ సరిపోతుంది. ఎలా వాడాలో పిల్లలే నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నారు, ప్రతి తెరమీద ఏం కనిపిస్తుందో, ఏం నొక్కాలో.

ఆ నోట్‌బుక్‌కు పని పడింది కూడా. వారం మధ్యలో ఒక మెషీన్ లోగో దగ్గరే ఆగిపోయింది. అత్త ఫోన్ చేసి, "నువ్వు రావద్దులే, పెద్దమ్మాయి చూస్తానంటోంది" అంది. తొమ్మిదో తరగతి అమ్మాయి. ముందు స్పేర్ పెట్టె తగిలించి చిన్నవాళ్లను కూర్చోబెట్టింది. తర్వాత చెడినదానికి పెన్‌డ్రైవ్ పెట్టి, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని నకలు ఎక్కించింది. ఏ డిస్కు మీదికి రాయాలో అడిగే తెర దగ్గర ఒక్కసారి ఆగి నాకు ఫోటో పంపి, సరేనన్నాకే ముందుకు వెళ్లింది. అక్కడ ఆగడం నాకు చాలా నచ్చింది, ఆ తెర దగ్గర తొందరపడితే పెన్‌డ్రైవే చెరిగిపోవచ్చు. ఇప్పుడు ఇంకో ఇద్దరికి ఆమే నేర్పుతోంది.

ప్రింటర్ ఇంకా కొనలేదు. ఎవరో పాత లేజర్ ప్రింటర్ ఇస్తామన్నారు గానీ దానికి లినక్స్ డ్రైవర్ సరిగా లేదు. విడిగా డ్రైవర్ అక్కర్లేకుండా పనిచేసే ఐపీపీ ఎవ్రీవేర్ సౌకర్యం ఉన్నది, రీఫిల్ ఇంకు మా వీధి చివర స్టేషనరీ కొట్లోనే దొరికేది చూస్తున్నాం. పదో తరగతి పిల్లల ప్రాజెక్టు పనుల లోపు తెచ్చేయాలని అత్త ఆర్డర్.