చిత్తూరు నుంచి తిరుమలకు: సన్నగా వెలిగిన బ్యాటరీ లైటు

కాణిపాకంలో దర్శనం చేసుకుని పూతలపట్టు దాటేసరికి చీకటి పడింది. హెడ్‌లైట్లు వేసి ఏసీ పెంచగానే మీటర్లో ఎర్ర బ్యాటరీ గుర్తు మసకగా వెలిగింది. లైట్లు ఆపితే ఆరిపోతోంది, వేస్తే మళ్లీ వస్తోంది. బల్బు మీటరున్న పాత డీజిల్ బండిలో ఈ మసక వెలుతురే సగం జవాబు చెప్పేస్తుంది. ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపే డైనమో (ఆల్టర్నేటర్) పూర్తిగా పడుకుంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. దానికి ఒకవైపు డైనమో, మరోవైపు బ్యాటరీ కరెంటు అందుతాయి కాబట్టి, మసకగా వెలిగితే ఆ రెండింటి మధ్య ఎక్కడో వోల్టేజీ తప్పిపోతున్నట్టు.

చంద్రగిరిలో ఒక షాపు వెలుతురులో ఆపాం. బెల్టుకు పగుళ్లు లేవు, బిగువూ బాగానే ఉంది. అక్కడి మెకానిక్ అన్న, "ఇంజన్ ఆడుతుండగా టెర్మినల్ పీకుదాం సార్, బండి ఆగిపోతే డైనమో పోయినట్టే" అన్నాడు. "వద్దన్నా, మీటర్ పెట్టి చూద్దాం" అన్నాం. ఈ పీకే అలవాటు మానాలి. కరెంటు తీసుకుంటున్న బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే వోల్టేజీ ఎగదన్ని డైనమోలో ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్లు, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీఎం) కాలిపోవచ్చు. పైగా కొన్ని పాత మెకానికల్ పంపు ఇంజన్లు కరెంటు లేకున్నా ఆడుతూనే ఉంటాయి, కాబట్టి ఆ పరీక్షను నమ్మడానికీ లేదు.

మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టాం. ఇంజన్ ఆపి, హెడ్‌లైట్లు ఒక నిమిషం వెలిగించి ఆర్పి, కాసేపాగి చూస్తే బ్యాటరీ 12.3. నిండు బ్యాటరీ 12.6కు తగ్గదు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4 చూపింది. 9.6 కంటే కిందికి పడితేనే బ్యాటరీని అనుమానించాలి. ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎంలో ఉంచి, లైట్లు, బ్లోయర్ వేస్తే 12.7. ఉండాల్సింది 13.8 నుంచి 14.5. చాలామంది ఇక్కడే కొత్త డైనమో కొనేస్తారు.

దానికి ముందు చూడాల్సింది డైనమో వెనక, బ్యాటరీకి కరెంటు పంపే తీగ బిగించే బి ప్లస్ బోల్టు. అక్కడ 14.4 ఉంది! ఎర్ర ప్రోబ్ ఆ బోల్టు మీద, నల్లది బ్యాటరీ ప్లస్ మీద పెడితే 1.6. డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు 0.1. మొత్తం 14.4లో ఈ రెండూ తీసేస్తే సరిగ్గా 12.7. ప్లస్ వైపు 0.3, ఎర్త్ వైపు 0.2 దాటకూడదు. ఎర్త్ పాడైతే సెల్ఫే ముందు ఈడ్చేది. ఇక్కడ సెల్ఫ్ చురుగ్గా తిరిగింది, ఎందుకంటే దాని ప్లస్ కేబుల్ వేరు. డైనమో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ డైనమో దగ్గరి వోల్టేజీనే చూసుకుంటుంది కాబట్టి అంతా బాగుందనే అనుకుంటుంది.

బ్యాటరీ మైనస్ ముందుగా విప్పి, బోల్టు మీది రబ్బరు టోపీ తీస్తే లగ్గు (తీగ చివరి లోహపు రింగు) గోధుమరంగుకు తిరిగి ఉంది. డీజిల్ ఇంజన్ అదురుకు నట్టు వదులైంది. 40 ఆంపియర్లు పోతుంటే 1.6 వోల్టుల నష్టమంటే ఆ ఒక్క చోటే 64 వాట్ల వేడి. వేడికి తుప్పు, తుప్పుకు మళ్లీ వేడి.

లైట్లు తగ్గించి, ఏసీ ఆపి తిరుపతి చేరాం. ఎలక్ట్రీషియన్ కాలిన తీగ కోసేసి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి, కొత్త లగ్గు నొక్కి బిగించి (క్రింప్ చేసి), స్ప్రింగ్ వాషర్‌తో బిగించాడు. బ్యాటరీ దగ్గర 14.2 వచ్చింది. 60 ఏహెచ్ బ్యాటరీని రాత్రంతా 5 ఆంపియర్లలో ఛార్జింగ్‌కు పెట్టించాం. ఖాళీ అయినదాన్ని నింపే పని డైనమోకు అప్పగించి ఘాట్ ఎక్కడం నాకు నచ్చదు.

అలిపిరి తనిఖీ వరుసలో బండి ఐడ్లింగ్‌లో నిలబడుతుంది, సామాను దింపేటప్పుడు ఆపి మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. ఐడ్లింగ్‌లో డైనమో పూర్తి కరెంటు ఇవ్వలేదు. ఏసీ, ఫ్యాన్, లైట్లతో 13.4 చూపింది, ఏసీ ఆపగానే 13.9కి లేచింది. అక్కడ ఏసీ ఆపడమే మంచిది. ఘాట్‌లో రెండో గేరులో ఎక్కుతుంటే ఈ బెంగ లేదు.

బి ప్లస్ దగ్గరే 12.4 ఉంటే దారి వేరు. తాళం తిప్పినప్పుడు ఎర్ర లైటే వెలగకపోతే ఆ బల్బు, దాని తీగ చూడాలి. డైనమో మేల్కొనేది ఆ కరెంటుతోనే. నిండుగా వెలిగి ఆరకపోతే కార్బన్ బ్రష్‌లు లేదా రెగ్యులేటర్. 15 దాటితే దాదాపు రెగ్యులేటరే. మల్టీమీటర్‌ను డీసీ నుంచి ఏసీ వోల్టుల స్కేలుకు మార్చి చూసినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే డయోడ్ పోయినట్టు. అలాంటప్పుడు బండి ఆపి ఉన్నా రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవచ్చు.

కొన్ని పాత డీజిల్ కార్లలో బ్రేకు వాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది. దాని సీలు కారితే ఆయిల్ బ్రష్‌లకు అంటుతుంది, బెల్టు తెగితే ఛార్జింగ్‌తో పాటు బ్రేకు బూస్టరూ పోయి పెడల్ రాయిలా బిగుస్తుంది. అలాంటి బండిని తిరుమల నుంచి కిందికి దించే ముందు డైనమో వెనక ఆయిల్ తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి.