కిన్నెర ఒడ్డున తెలుగు క్లాసు

పాల్వంచలో పెరిగిన మన బడి బ్యాచ్‌కు కిన్నెరసాని అంటే ముందు డ్యామ్, ఆ తర్వాత పిక్నిక్, ఆ తర్వాతే నది. అది ఒక కోడలిపిల్ల అని నాకు 1994లో తెలిసింది. అప్పుడు పదో తరగతి. చెప్పింది మన తెలుగు సార్.

ఆ రోజు సార్ పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, సంచిలోంచి అట్ట చిరిగిన పుస్తకం ఒకటి తీశారు. విశ్వనాథ సత్యనారాయణ గారి 'కిన్నెరసాని పాటలు'. నోట్సులు మూసేయమన్నారు. డస్టర్ తిరగేసి, చెక్కవైపుతో బల్ల మీద తాళం వేస్తూ చదవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల నీరైపోయే చోట 'కరిగింది' అనే మాట వరసగా నాలుగుసార్లు వస్తుంది. సార్ ఆ నాలుగింటినీ ఒకేలా చదవలేదు. మొదటిసారి మామూలుగా అన్నారు. రెండోసారి ఆశ్చర్యపోయినట్టు, మూడోసారి భయపడ్డట్టు అన్నారు. నాలుగోసారి డస్టర్ చప్పుడు ఆగిపోయింది. చివరి బెంచీలో నాతో కూర్చునే వాడు, ఎప్పుడూ ఏదో ఒకటి గెలుకుతుండేవాడు, వాడు కూడా కదల్లేదు.

కథ మీకు తెలిసిందే. అత్తతో పడలేక కిన్నెర ఇల్లు విడిచి అడవిలోకి పోతుంది. భర్త వెంట వెళ్లి కౌగిలించుకుంటాడు. అతని చేతుల్లోనే ఆమె కరిగి వాగైపోతుంది, అతను రాయైపోతాడు. ఒంటరిగా పారే ఆ పిల్లను సముద్రుడు కోరుకుంటాడు. బెదిరిపోయిన కిన్నెరను గోదావరి తనలో కలుపుకుంటుంది. ఆ పుస్తకంలో 'కిన్నెర నడకలు' అనే పాటే అందరూ ఎక్కువగా పాడతారు, దాని లయ అలాంటిది. నాకు మాత్రం ప్రాణం ఆమె దుఃఖంలోనే ఉందనిపిస్తుంది. ఎవరి మీద కోపంతో వెళ్లిందో వాళ్ల గురించి కాదు, వదిలి వచ్చిన మనిషి గురించి ఏడుస్తుంది.

మరుసటి ఆదివారం సార్ మమ్మల్ని యానంబైలు తీసుకెళ్లారు. రిజర్వాయర్‌లో మొసళ్లుంటాయని అటు పోనివ్వలేదు. డ్యామ్ దిగువన, మోకాలి లోతు నీళ్లున్న చోట ఒక పెద్ద బండ దగ్గర ఆగాం. ఒక్కొక్కరిని పిలిచి ఆ బండకు ఆనించి నీళ్లలో చెయ్యి పెట్టమన్నారు. పైనుంచి వచ్చే నీళ్లు బండకు తగిలి రెండుగా చీలి, దాని ఒంటిని రాసుకుంటూ పోయి, వెనకవైపు చిన్న సుడి తిరుగుతున్నాయి. ఆ సుడి నా అరచేతిని బండవైపే లాగింది. "వెనక్కి రావాలని ఉంటుందిరా దానికి. కానీ నీళ్లకు వెనక్కి నడక లేదు" అన్నారు సార్. తర్వాత దూరంగా కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేస్తున్న ఆవిరి చూపించారు. "అది కూడా కిన్నెరే. మన ఊళ్లో కరిగినాక ఆవిరి కూడా అవుతుంది." డ్యామ్ నీళ్లే పవర్ స్టేషన్‌కు వెళ్తాయని మా నాన్న డ్యూటీ వల్ల నాకు ముందే తెలుసు. కానీ ఆ రోజు నుంచి ఆ ఆవిరిని వేరేగా చూశాను.

ఇంటికొచ్చి అమ్మకు కథంతా చెప్పాను. అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. అంతా విని, "మరి మొగుడేం చేసిండు, అత్త అంటుంటే?" అని అడిగింది. ఏమీ చేయలేకపోయాడని చెప్పాను. చాట ఆపి, కాసేపు ఊరుకుని, "ఆ పిల్ల పాపం. ఆ పిలగాడు కూడా పాపమే" అంది. పాట మీద నేను విన్న వ్యాఖ్యానాల్లో ఇంతకంటే మంచిది మళ్లీ తగల్లేదు. ఆ తర్వాత ప్రతి వానాకాలం గేట్లు ఎత్తారని తెలియగానే, "ఆ పిల్ల వచ్చిందిరా" అనేది.

విశ్వనాథ వారు భార్య వరలక్ష్మమ్మ గారు పోయాక 'వరలక్ష్మీ త్రిశతి' రాశారని కూడా సారే చెప్పారు. మాకు చదివి వినిపించమంటే, "ఇప్పుడు వద్దు. అది మీ వయసుది కాదు" అన్నారు. అప్పుడు కొంచెం ఉక్రోషం వచ్చింది.

2019లో అమ్మ పోయింది. బూర్గంపాడు దగ్గర కిన్నెర గోదావరిలో కలిసే చోట అస్థికలు కలపాలని పట్టుబట్టింది నేనే. బంధువులు భద్రాచలం స్నానఘట్టాలే బాగుంటాయన్నారు. నాన్న మాత్రం ఏమీ అడగకుండా ఒప్పుకున్నాడు. కుండ ఒంపాక చెయ్యి కొంచెంసేపు నీళ్లలోనే ఉంచాను. అక్కడ బండ లేదు, సుడీ లేదు. నీళ్లు వేళ్ల మధ్య నుంచి నెమ్మదిగా, ఒకే వైపుకు పోయాయి. ఏడుపు అప్పుడొచ్చింది. అంతవరకు రాలేదు.

నెల మాసికం అయ్యాక త్రిశతి గురించి నాన్నకు చెప్పాను. భార్య పోతే ఆయన మూడు వందల పద్యాలు రాశాడు నాన్నా అన్నాను. నాన్న పద్యాలు చదివే మనిషి కాదు. ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసిన మనిషి. చాలాసేపు గోడ వైపు చూసి, "సరిపోయినయా మరి ఆయనకు?" అన్నాడు.

2024 ఆగస్టులో పాత కూలింగ్ టవర్లు ఎనిమిదీ కూల్చేశారు. ఆ వీడియో మన బ్యాచ్ గ్రూపులో మీరంతా చూసే ఉంటారు. కొన్ని సెకన్లలో ఒకదాని వెనక ఒకటి కూర్చుండిపోయాయి, దుమ్ము లేచింది. నాకు మొదట గుర్తొచ్చింది సార్ చూపుడు వేలు. నాన్నకు ఆ వీడియో చూపించలేదు.

కానీ గేట్లు ఎత్తిన వీడియో ఒకటి ఇంకో రోజు వచ్చింది. అది మాత్రం సౌండ్ పెంచి ఆయన చెవి దగ్గర పెట్టాను. కళ్లు మూసుకుని పూర్తిగా విన్నాడు. ఫోన్ తిరిగి నా చేతికిస్తూ, "ఆ పిల్ల వచ్చిందిరా" అన్నాడు.