పదమూడో క్రోమోజోములో లేని ముక్క

కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు కావలిలో రక్తపరీక్ష చేయించుకుంటే తెల్లకణాలు 48,000 ఉన్నాయని వచ్చింది. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ని. 11,000 దాటితే ఆలోచించాలని తెలుసు. నెల్లూరు డాక్టరుగారు మెడ, చంకలు తడిమి చూసి మరికొన్ని పరీక్షలు రాశారు. సీఎల్ఎల్ అని తేలింది. బి లింఫోసైట్లు చావకుండా పోగుపడిపోయే రక్త క్యాన్సర్ అది.

"మందు ఇప్పుడే వద్దు మాస్టారూ, గమనిస్తూ ఉందాం" అన్నారాయన. క్యాన్సర్ అని చెప్పి మందు వద్దంటే మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. అలాగే మూడేళ్లు గడిచాయి. ఆ తర్వాత ప్లీహం వాచింది, హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది, రాత్రి చెమటకు దుప్పటి తడిసిపోయేది. పినాకిని రైల్లో చెన్నై వెళ్లి, క్రోమోజోముల్లో లోపాలు చూపే ఫిష్ పరీక్ష చేయించాము.

ఆ క్యాన్సర్ కణాల్లో 13వ క్రోమోజోములో చిన్న ముక్క లేదట. "ఏ ప్రొటీను పోయింది?" అని అడిగాను. అక్కడ ముఖ్యంగా పోయింది ప్రొటీను కాదని, మిర్-15ఎ, మిర్-16-1 అనే రెండు మైక్రోఆర్ఎన్ఏలని, అంటే ప్రొటీనుగా మారని చిట్టి ఆర్ఎన్ఏలని చెప్పారు. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవు, అంతే! డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, దాని నుంచి ప్రొటీను అని బల్ల మీద బాణాలు గీసి, ప్రొటీను ఇవ్వని భాగమంతా వ్యర్థమని ఎన్ని తరగతులకు చెప్పానో. ఆ పిల్లలను మళ్లీ కూర్చోబెట్టి పాఠం దిద్దుకోవాలనిపించింది.

దెబ్బతిన్న కణానికి చనిపొమ్మని లోపలి నుంచే సంకేతం అందుతుంది. బీసీఎల్2 అనే ప్రొటీను దాన్ని మైటోకాండ్రియా దగ్గర అడ్డుకుంటుంది. ఈ రెండు మైక్రోఆర్ఎన్ఏలు బీసీఎల్2 తాలూకు సందేశ ఆర్ఎన్ఏకు అతుక్కుని, ఆ ప్రొటీను అతిగా తయారు కాకుండా చూస్తాయి. నా కణాల్లో ఆ కాపలా లేదు. సీఎల్ఎల్‌లో ఈ లోపాన్ని క్యాన్సర్ పరిశోధకుడు కార్లో క్రోచే బృందం 2002లో ప్రకటించింది. మైక్రోఆర్ఎన్ఏలకూ క్యాన్సర్‌కూ ముడి మొదట బయటపడింది అక్కడే.

నాకిచ్చిన వెనెటోక్లాక్స్ అనే మందు నేరుగా ఆ బీసీఎల్2నే పట్టుకుని అడ్డుకుంటుంది. మొదటి వారం 20 మిల్లీగ్రాములు, తర్వాత వారానికొక మెట్టుగా 50, 100, 200, చివరికి 400. కణాలన్నీ ఒక్కసారి చస్తే వాటిలోని పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తంలోకి వచ్చి మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. అందుకే మా ఆవిడ చెంబుతో కొలిచి మరీ నీళ్లు తాగించేది, అర్ధరాత్రి లేపి కూడా. ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ దవడ కింద గడ్డ కోసం వెతికాను. చేతికి తగల్లేదు.

"నాకూ వస్తుందా నాన్నా?" అని అమ్మాయి అడిగింది ఒక్కసారే. ఆ ముక్క నా పుట్టుకతో పోయింది కాదు, ఆ కణాల్లో మధ్యలో ఊడిపోయిందని డాక్టరుగారి చేతనే చెప్పించాను.

2024 అక్టోబరులో మైక్రోఆర్ఎన్ఏలను కనుగొన్నందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు నోబెల్ వచ్చిందని పేపర్లో పడింది. "మీలో పోయినవి ఇవేనా?" అంది మా ఆవిడ. ఆ జాతివే అన్నాను. వార్త కత్తిరించి నా రక్తపరీక్షల ఫైలులో పెట్టింది.