ఎనిమిది ఫాక్టోరియల్

1993లో ఎంసీఏ మొదటి సంవత్సరంలో చేరేనాటికి నేను కంప్యూటరును దూరం నుంచి చూడడమే తప్ప దాని ముందు ఎన్నడూ కూర్చోలేదు. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో లెక్కలు చదివి, ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు పుణ్యమా అని ఆ కోర్సులో అడుగుపెట్టాను. ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఏసీ చలికి ముడుచుకుంటూ, ఒక్కో యంత్రం ముందు ఇద్దరిద్దరం సర్దుకొని, సి భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సి నీలి తెరను చూసిన ఆ రోజుల్లో నాకు ఉత్సాహం కంటే భయమే ఎక్కువగా ఉండేది. మూడో వారంలో మాకు పాఠం చెప్పేవారిలో ఒకరు, ప్రోగ్రామింగ్ పుట్టుకతో రావలసిన విద్య అనీ, అరవై మందిలో ఏ పదిమందికో అది ఉంటుందనీ, తక్కినవారు రికార్డు సరిగ్గా రాసుకొని గట్టెక్కితే చాలుననీ అన్నారు. అందులో దురుద్దేశం లేదు. ఏళ్ల తరబడి తనకు కనిపించినది ఆయన చెప్పారు. అయితే ఆ పూట నుంచే నన్ను నేను ఆ తక్కిన యాభై మందిలో లెక్క వేసుకున్నాను.

ఆ పదిమందిలో మొదటివాడు మా హాస్టల్ గదిలోనే ఉండేవాడు. మేము ప్రశ్న చదివి అర్థం చేసుకునేలోపు అతడు సగం ప్రోగ్రాము టైపు చేసేవాడు. నాకేమో "ఐ = ఐ + 1" అన్న ఒక్క వాక్యమే కొరుకుడు పడలేదు. లెక్కలు చదివినవాడికి అది అబద్ధంగా కనిపిస్తుంది. రెండు వైపులా ఐ కొట్టివేస్తే సున్నా ఒకటికి సమానమని తేలుతుంది. అలాంటి అబద్ధాన్ని యంత్రం తప్పు చూపకుండా ఎలా ఒప్పుకుంటున్నదో తెలియక నేను చాలా రోజులు అక్కడే ఆగిపోయాను.

మాకు సి భాష చెప్పిన మేడం ఒకనాడు బోర్డు మీద ఏ, బి అని రెండు గళ్లు గీసి, మొదటిదానిలో 10, రెండవదానిలో 20 వేసి, "ఏ = బి" అన్న వాక్యం తరువాత ఒక్కో గడిలో ఎంత ఉంటుందో రాయమన్నారు. రెండు విలువలూ తారుమారవుతాయని నేను రాశాను. తప్పని చెప్పి ఊరుకోకుండా ఆమె, "నువ్వు అనుకున్న పద్ధతిలోనే ఇంకో మూడు లెక్కలు చేసి చూపించు, బాబూ" అన్నారు. చేశాను. మూడింటిలోనూ ఒకే పద్ధతి నడిచిందని చూసి, పద్ధతి మార్చుకోవడం ఒక పూట పని అనీ, ఏ పద్ధతీ లేకుండా ఒక్కోసారి ఒక్కోలా ఊహించేవారికే ఎక్కువ కాలం పడుతుందనీ చెప్పారు. ఆపైన ఆ '=' గుర్తును తెలుగులో చదవమన్నారు: "బి లో ఉన్నది ఏ లో పెట్టు." 'వైల్' అని ఉన్నచోట 'ఉన్నంతవరకు' అని చదువుకోమన్నారు. చిక్కు విడిపోయింది.

చాలా ఏళ్ల తరువాత దాదాపు ఇదే ప్రశ్న ఒక పరిశోధనలో కనిపించినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. 2006లో ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో సయీద్ దెహ్నాది, రిచర్డ్ బోర్నాట్ అనేవారు, ప్రోగ్రామింగ్ ఇంకా నేర్చుకోని విద్యార్థులకు ఇటువంటి వాక్యాలు ఇచ్చి జవాబులు రాయించారు. తప్పో ఒప్పో ఒకే నియమాన్ని చివరిదాకా పాటించినవారు కోర్సులో మెరుగ్గా నెగ్గుతున్నారని చూసి, ఎవరికి ఈ విద్య వస్తుందో ముందే చెప్పగల పరీక్ష దొరికిందని ప్రకటించారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తరువాతి పరీక్షల్లో అంత గట్టి తేడా నిలవలేదు. నిలకడగా ఆలోచించేవారు కొంత మెరుగన్నది మిగిలింది కానీ పుట్టుకతో వచ్చిన ప్రజ్ఞను కనిపెట్టే పరీక్ష అన్నది మిగల్లేదు. 2014లో బోర్నాట్ స్వయంగా ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. వచ్చేవారు, రానివారు అని మార్కులు రెండు గుంపులుగా చీలతాయన్న నమ్మకాన్ని కూడా ఎలిజబెత్ పాటిట్సాస్, ఆమె సహచరులు 2016లో పరీక్షించారు. ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్సు తరగతుల 778 మార్కుల పట్టికలను తిరగేస్తే, అలాంటి చీలిక పరీక్షకు నిలిచినవి 5.8 శాతమే.

ఇక ఫాక్టోరియల్ సంగతి. ఒకటి నుంచి ఒక సంఖ్య దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చేది ఆ సంఖ్య ఫాక్టోరియల్. ఏడు దాకా మా ప్రోగ్రాము సరిగ్గానే చెప్పింది, 5040. ఎనిమిదికి 40320 రావలసిన చోట −25216 వచ్చింది. నేనూ నా జంట విద్యార్థీ ప్రోగ్రామంతా రెండుసార్లు తుడిచి మళ్లీ టైపు చేశాం. గదిలోని మిత్రుడు వచ్చి ఒక్క చూపు చూసి, "ఇంట్ తీసేసి లాంగ్ పెట్టరా" అన్నాడు. సి భాషలో పూర్ణసంఖ్యలు దాచే రెండు రకాల గళ్ల పేర్లవి. లాంగ్ పెడితే వచ్చేసింది. ఎందుకని అడిగాను. "అట్లా పెడితే వస్తుంది, అంతే" అన్నాడు. ఆ 'అంతే' నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆదివారమంతా కాగితం ముందు కూర్చొని 40320ను బైనరీలో, అంటే సున్నాలూ ఒకట్లతోనే, రాశాను: 1001 1101 1000 0000. ఇంట్‌లో పట్టే ఆ పదహారు అంకెల్లో (బిట్లలో) మొదటిది ఒకటి అయితే యంత్రం దానిని రుణసంఖ్యగా చదువుతుంది. ఇంట్ పట్టగలిగినది 32767 వరకే. పదహారు బిట్లతో రాయగల సంఖ్యలు మొత్తం 65536; 40320 నుంచి అది తీసివేస్తే సరిగ్గా −25216. యంత్రం తప్పు చేయలేదనీ, నేను ఇచ్చిన గడి చిన్నదనీ తెలిసిన ఆ సాయంత్రమే నాకు ఈ విద్య మీద ప్రేమ కలిగింది.

ఆ కాగితం మిత్రుడికి చూపించాను. శ్రద్ధగా విని, కాసేపు మౌనంగా ఉండి, "అయితే లాంగ్‌లో పన్నెండు దాకా సరిపోతుంది. పదమూడుకు తప్పు వస్తుంది, కానీ మైనస్ రాదు, చూడు" అన్నాడు. ల్యాబులో చూశాం. 622 కోట్లు దాటవలసిన జవాబు 1932053504 అని, చూపులకు ఏ లోపమూ లేకుండా వచ్చింది. మైనస్ గుర్తు తప్పును తానే చెప్పేస్తుంది, ఈ సంఖ్య చెప్పదు. అంత దూరం అతడు నోటి లెక్కతోనే చూడగలిగాడు. దానిని సహజ ప్రజ్ఞ అనకపోతే అబద్ధమాడినట్లే. ప్రోగ్రాము తనను తానే పిలుచుకునే రికర్షన్ కూడా అతడికి ఒక్క తరగతిలో అర్థమైంది, నాకు నెల పట్టింది.

అయితే డిగ్రీ చదివిన రోజుల్లో మేనమామ నడిపే కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో రెండేళ్లపాటు సాయంత్రాలు బేసిక్‌లో ప్రోగ్రాములు రాశానని అతడు మూడో సంవత్సరంలో మాటల సందర్భంలో చెప్పాడు. దాచలేదు, మేమెవరం అడగలేదు. ఆ పదిమందినీ ఇప్పుడు ఒక్కొక్కరిగా తలచుకుంటే, వారిలో ఎక్కువమంది కళాశాలకు రాకముందే కీబోర్డు మీద చేయి వేసినవారే. మూడో వారంలో అధ్యాపకుడికి ప్రతిభగా కనిపించినది చాలావరకు ఆ ముందు గడిచిన గంటలేనని నా నమ్మకం.

ప్రతిభ ఉన్నవారికి ఆ తరువాత దారి నున్నగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. వరుసలో పేర్చిన జాబితాను సగానికి సగం చీలుస్తూ వెతికే బైనరీ సెర్చ్‌నే తీసుకోండి. అది మొదట వెలువడినది 1946లో అనీ, అన్ని పరిమాణాల జాబితాలకూ సరిగ్గా పనిచేసేది 1960 దాకా అచ్చుకాలేదనీ కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ రాశారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే సిద్ధ ప్రోగ్రాముల భండారంలో తాను స్వయంగా రాసిన బైనరీ సెర్చ్‌లో దోషం తొమ్మిదేళ్లపాటు దాగి ఉందని 2006లో జాషువా బ్లాక్ బహిరంగంగా ఒప్పుకున్నారు. మధ్య స్థానం కోసం మొదలునూ చివరనూ కూడినప్పుడు ఆ మొత్తం ఇంట్‌లో ఇమడక రుణసంఖ్య అవుతున్నది. మా ఎనిమిది ఫాక్టోరియల్‌ను ముంచిన గుంటే అది! మేమూ ల్యాబులో అదే కూడిక రాశాం. పది అంకెల జాబితాతో పరీక్షించి, ఎక్స్‌టర్నల్ ఎదుట వైవా గట్టెక్కాం. ఇరవై వేల అంకెలు వేసి ఉంటే మా పదహారు బిట్ల ఇంట్‌లో అది 1993లోనే బయటపడేది.

ఈ కళాశాల సంచిక చదివే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. మొదటి సెమిస్టరు ల్యాబు మార్కులను బట్టి దయచేసి ఎవరినీ ఏ గుంపులోనూ వేయకండి. వారానికి ఒక గంట యంత్రాలు లేని గదిలో, కాగితం మీద గళ్లు గీయించి, ప్రతి వరుస తరువాత ఏ గడిలో ఏముందో పిల్లల చేత రాయించండి. మేడం మా చేత చేయించిన డ్రై రన్ అదే. ల్యాబు పక్కనున్న ఖాళీ గదికి బల్లలు, బోర్డు మా బ్యాచ్ తరఫున సమకూరుస్తాం. శనివారం ఉదయాలు నేను వస్తాను.